పాట పెట్టండి, ఇంటి ప్లాను గీయండి, ఆ తర్వాతే రాయండి

"చిన్నప్పటి సంగతులు రాయాలని ఉంది, కానీ రెండో పేజీకే ఆగిపోతున్నాను" అని ఎవరైనా అంటే ఆ మొదటి పేజీలో ఏముందో నేను చూడకుండానే చెప్పగలను. పుట్టిన ఏడాది, తల్లిదండ్రుల పేర్లు, ఎంతమంది పిల్లలు, ఏ బడి. దరఖాస్తు ఫారం నింపినట్టే ఉంటుంది. ఫారంలో గళ్లు అయిపోయాక రాయడానికి ఇంకేం ఉంటుంది?

తేదీ పట్టుకుని లాగితే జ్ఞాపకం రాదు. దీన్ని ఓపికగా పరీక్షించి చూసినాయన ఒకరున్నారు. విలెం వాగెనార్ అనే డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆరేళ్లపాటు తన రోజువారీ జీవితంలోని సంఘటనలు రాసి పెట్టుకున్నాడు. ఏం జరిగింది, ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు అని ప్రతిదానికీ వివరాలు విడివిడిగా. తర్వాత వాటిలో ఒక్కొక్క వివరమే చూసుకుంటూ మిగతావి గుర్తొస్తాయా అని తనను తానే పరీక్షించుకున్నాడు. 1986లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 'ఏం జరిగింది' అన్నది అన్నిటికన్నా బాగా పనిచేసింది. 'ఎవరు', 'ఎక్కడ' అన్నవి దాని తర్వాత. 'ఎప్పుడు' ఒక్కటే చేతిలో ఉంటే దాదాపు ఏమీ గుర్తుకు రాలేదు.

కాబట్టి ఏడాదిని పక్కన పెట్టేయండి. ఆత్మకథ అన్న మాట కూడా మనసులోకి రానివ్వకండి, ఊరికే టెన్షన్. నేను రాసేవాటిని ముక్కలంటాను. ముక్కంటే అర పేజీ, మహా అయితే ఒక పేజీ. ఒక చోటు, ఒక గంట, అక్కడున్న మనుషులు, అంతే. ఎప్పుడు జరిగిందో తెలియకపోతే "నాకప్పటికి సైకిల్ రాదు" అని రాస్తే చాలు. 1983 అని రాసినదానికన్నా అది ఎక్కువ చెబుతుంది కూడా.

మొదటి ముక్క పాటతో

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం మీద మీకు పది నుంచి పాతికేళ్ల వయసు మధ్య విన్న పాటలు రాయండి. ఆ వయసే ఎందుకంటే, నడివయసు దాటినవాళ్లని గుర్తున్నవి చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని చాలా పరిశోధనల్లో తేలింది. పాటల విషయంలో ఇంకో తమాషా ఉంది. కార్నెల్ యూనివర్సిటీలో కారల్ క్రూమ్‌హాన్స్‌ల్, జస్టిన్ జుప్నిక్ 2013లో అచ్చువేసిన అధ్యయనంలో, ఇరవై ఏళ్ల పిల్లలకి తమ కాలపు పాటలతోపాటు అమ్మానాన్నల యవ్వనం నాటి పాటలతో కూడా గట్టి అనుబంధం కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న పాటలు పిల్లల చెవిలో పడి ఉండిపోతాయన్నమాట. అందుకే మీ జాబితాలో మీకు నచ్చిన పాటలే కాకుండా, మీకు అస్సలు నచ్చకపోయినా ఇంట్లో మోగుతూ ఉండిన పాటలు కూడా చేర్చండి. నాకైతే అవే ఎక్కువ పనికొచ్చాయి.

జాబితాలోంచి ఒక పాట ఎంచుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త. మీకు ప్రాణమైన పాట, ఇప్పటికీ వారానికోసారి వినేది, వద్దు. దానికి ఈ ముప్పై ఏళ్ల జీవితమంతా అంటుకుని ఉంటుంది. ఆఫీసుకి వెళ్తూ విన్నది, ఎవరి పెళ్లిలోనో విన్నది, అన్నీ కలిసి వస్తాయి. అప్పుడెప్పుడో విని మళ్లీ వినని పాట వెతకండి. పల్లవి గుర్తుండి చరణం గుర్తులేనిదైతే మరీ మంచిది.

పెట్టండి. పూర్తిగా వినండి. మధ్యలో ఫోను చూడొద్దు, వీడియో అసలే వద్దు, కంటికి బొమ్మ ఇస్తే మనసు బొమ్మ గీయడం మానేస్తుంది. పెన్ను చేతిలో ఉండాలి. పాట అయిపోయాక రాద్దాం అనుకోకండి. మోగుతున్నప్పుడే ఒక్కొక్క మాటగా గీకేయండి. నేను చూసుకునేవి ఇవి: ఆ పాట దేంట్లోంచి వచ్చేది, రేడియోనా, టేప్ రికార్డరా, పక్కింటి కిటికీయా? అది ఏ ఎత్తులో ఉండేది, చేతికి అందేదా? అప్పుడు ఇంట్లో ఎవరు ఏం చేస్తుండేవారు? ఎవరు కూనిరాగం తీసేవారు, ఏ చోట తప్పు పాడేవారు? ఈ తప్పు పాడటం అన్నది మంచి కొక్కెం. మా నాన్న ఒక పాటలో రెండో చరణం మాటలు రాక అక్కడ ఈల వేసేవాడు. ఇప్పటికీ ఆ పాట వింటే అసలు చరణం నాకు పరాయిగా ఉంటుంది.

రాసేటప్పుడు మనందరికీ ఒక పాడు అలవాటు ఉంది. వివరం గుర్తొచ్చేలోపే భావం రాసేస్తాం. నా పాత నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు చూపిస్తాను:

"అప్పట్లో మా ఇంట్లో సంగీతం వెల్లివిరిసేది. మేనత్త పాట వింటూ గడిపిన ఆ సాయంత్రాలు మరువలేని మధుర స్మృతులు."

ఇందులో మా మేనత్త లేదు, మా ఇల్లూ లేదు. ఎవరి పేరు పెట్టుకున్నా సరిపోతుంది. అదే సంగతి పాట పెట్టుకుని మళ్లీ రాస్తే ఇలా వచ్చింది:

"టేప్ రికార్డర్ కొత్తగా వచ్చింది. అత్త పాడుతుంటే నాన్న రికార్డు చేస్తాడట. ఎర్ర బటన్, ప్లే బటన్ రెండూ ఒకేసారి నొక్కాలి. నాన్న రెండు వేళ్లతో నొక్కి, ఊపిరి బిగబట్టి, అత్త వైపు తల ఊపాడు. ఫ్యాను ఆపేశారు. నన్ను, అక్కని గది బయటికి పంపారు, మేం నవ్వుతామని. అత్త గొంతు సవరించుకోవడం కూడా టేపులో పడింది. రెండో కీర్తన మధ్యలో తలుపు కిర్రుమంటుంది. అది నేనే."

రెండోదాంట్లో ఎక్కడా 'మధురం' లేదు, 'మరువలేని' లేదు. మీ ముక్క రాశాక ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో వెతికి కొట్టేయండి. కొట్టేస్తే ఏమీ మిగలకపోతే అసలు గుర్తు రాలేదనే అర్థం. ఇంకో పాట పెట్టుకోండి.

ప్లాను గీయడం

పాటకి లొంగని జ్ఞాపకాలకి ఇది మందు. చిన్నప్పుడు మీరున్న ఇంటిని పైనుంచి చూసినట్టు గీయండి. బొమ్మలు వేయడం రానక్కర్లేదు. గోడలకి గీతలు, తలుపులకి ఖాళీలు. కొలతలు అడుగుల్లో వద్దు, అప్పటి మీ అడుగుల్లో వేయండి. మంచం ఎక్కడ, నీళ్ల బిందె ఎక్కడ, స్విచ్ ఏ గోడకి, ఎవరు ఎక్కడ పడుకునేవారు, రాత్రిపూట ఏ మూలకి వెళ్లాలంటే భయం.

తర్వాత వేలు వీధి తలుపు దగ్గర పెట్టి లోపలికి నడవండి. మెల్లగా. ఏదో ఒక చోట వేలు ఆగుతుంది. నాకు ఒకసారి బీరువా వెనక సందులో ఆగింది. అక్కడ నేను రంగు సుద్దలు దాచేదాన్ని, ఆ సంగతే మర్చిపోయాను. సుద్దలతో గోడ కింది భాగం మీద వేసిన బొమ్మలు, అమ్మ తడిగుడ్డతో తుడిస్తే నీలం ఒక్కటే పోకపోవడం, వరసగా వచ్చేశాయి. వేలు ఆగిన చోట ఆగి రాయండి. ఇల్లంతా తిరగాలన్న హడావిడి పెట్టుకోవద్దు.

అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో ఉంటే వాళ్లచేత వేరే కాగితం మీద గీయించండి. మీది ముందు చూపించకూడదు. మా అక్క గీసినదాంట్లో నా కిటికీ ఉన్నచోట బీరువా ఉంది.

"అక్కా, ఆ గోడకి కిటికీ లేదా?"

"కిటికీ ఉంటే బీరువా ఎక్కడ పెడతారే?"

"మరి పొద్దున్నే నా మొహం మీద ఎండ ఎలా పడేది?"

"నువ్వు పొద్దున్నే లేచిందెప్పుడు?"

ఇప్పటికీ తేలలేదు. తేల్చాలని నేను చూడటం లేదు, రెండు కాగితాలూ దాచాను. ఇద్దరివీ కలిపి ఒక 'సరైన' ప్లాను చేస్తే రెండు ఇళ్లూ పోతాయి.

మరీ చిన్నప్పటి సంగతుల దగ్గర మాత్రం కాస్త అనుమానంగా ఉండాలి. పెద్దయ్యాక చాలామందికి గుర్తుండే అతి పాత జ్ఞాపకం సుమారు మూడు, మూడున్నరేళ్ల వయసుది. అంతకన్నా ముందుది "స్పష్టంగా గుర్తుంది" అంటే, పెద్దవాళ్లు చెప్పగా విన్నదో ఆల్బమ్‌లో చూసిందో అయ్యే అవకాశం ఎక్కువ. ఆ దృశ్యంలో మీ మొహం మీకే కనిపిస్తోందా, మీ గౌను రంగు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు ఉందా? అయితే ఆల్బమ్ తీసి ఆ ఫొటో ఉందేమో చూడండి. ఉంటే రాయడం మానక్కర్లేదు. "ఫొటోలో ఇలా ఉంది" అని రాయండి, నిజాయితీగా ఉంటుంది.

పెద్దవాళ్లని అడిగే పద్ధతి

అడిగే తీరులోనే జవాబు మారిపోతుంది. ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ఒక ప్రయోగం అచ్చువేశారు. కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో 'తగిలాయి' అని కొందరిని, ఎంత వేగంతో 'ఢీకొని నుజ్జయ్యాయి' అని కొందరిని అడిగారు. చూసింది ఒకటే అయినా రెండోవాళ్లు ఎక్కువ వేగం చెప్పారు. వారం తర్వాత అడిగితే, ఫిల్ములో లేని పగిలిన అద్దాలు చూశామన్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

కాబట్టి "అమ్మా, ఆ రోజు నాన్నకి బాగా కోపం వచ్చింది కదా?" అని అడిగితే, వచ్చిందనే అంటుంది పాపం. "ఆ రోజు నాన్న ఇంటికి వచ్చాక ఏం చేశారు?" అని అడిగి నోరు మూసుకోవాలి. నోరు మూసుకోవడమే కష్టం. మౌనం అర నిమిషం సాగితే మనమే ఏదో అందించేస్తాం. పెద్దవాళ్లకి ఆ అర నిమిషం కావాలి. ఫోనులో రికార్డు చేసుకోండి, వాళ్లకి చెప్పే చేయండి. వస్తువు చేతికిస్తే ఇంకా బాగా మాట్లాడతారు: పాత కళ్లజోడు పెట్టె, ఉత్తరం, తాళం చెవి, ఏదైనా సరే. ముఖ్యంగా మీ ముక్క ముందు రాసేసుకుని, తర్వాతే వాళ్లని అడగండి. ముందే వింటే మీ జ్ఞాపకం ఏదో వాళ్లదేదో విడదీయలేరు.

ప్రయాణాలకి వేరే లెక్క

బాల్యం ఇప్పటికే గడిచిపోయింది, తొందర లేదు. ప్రయాణం అలా కాదు, అదే రోజు రాత్రి రాయాలి. "ఇది జన్మలో మర్చిపోను" అన్న నమ్మకం ఎంత బలహీనమో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎక్కడుండి ఎలా విన్నారో ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన విద్యార్థుల చేత రాయించాడు. రెండు మూడేళ్ల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ అడిగితే చాలామంది జవాబులు మారిపోయాయి. తాము చెప్పేదే నిజమని గట్టి నమ్మకం కూడాను. వాళ్ల చేతిరాతే చూపించినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు.

పడుకునే ముందు నాలుగైదు వాక్యాలు చాలు. చూసిన స్థలాల పేర్లు రాయొద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. ఇవాళ ఎవరితో మాట్లాడాను, ఎక్కడ ఎదురుచూడాల్సి వచ్చింది, కాలి కింద ఏముంది, ఏ వాసన, ఏది అనుకున్నట్టు లేదు. ఎదురుచూడటం గురించి నొక్కి చెబుతున్నాను. రైలు ఆలస్యమైన రెండు గంటల్లో జరిగినవి కొండ మీద నిలబడి చూసిన సూర్యోదయం కన్నా బాగా రాయొచ్చు. సూర్యోదయం గురించి నా దగ్గర ఒక్క మంచి వాక్యం లేదు.

ఇంకో అలవాటు: ప్రతి చోటా ఒక నిమిషం పాటు శబ్దం రికార్డు చేసుకోండి. మాట్లాడకుండా, ఫోను కదపకుండా. అర్ధరాత్రి ప్లాట్‌ఫాం మీద పట్టుకున్న ఒక నిమిషం నా దగ్గరుంది. సామాను బండి చక్రం ఒకటి వంకర, తిరిగినప్పుడల్లా టక్‌మంటుంది. ఎవరో పిల్లాడు అంకెలు లెక్కపెడుతూ పదకొండు దగ్గర ఆగి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ ప్రయాణంలో తీసిన ఫొటోల్లో వీళ్లెవరూ లేరు.

బొమ్మలు, నాటకాలు

మ్యూజియంలో అన్నీ ఫొటో తీసుకుంటూ నడిస్తే ఏమీ మిగలదని నాకు ఎప్పుడూ అనుమానమే. లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో అచ్చువేసిన ప్రయోగం చదివాక ధైర్యంగా చెబుతున్నాను. ఫొటో తీసిన వస్తువులకన్నా ఊరికే చూసిన వస్తువులే సందర్శకులకి బాగా గుర్తున్నాయి. అయితే జూమ్ చేసి ఏదో ఒక భాగాన్ని మాత్రమే తీసినవాళ్లకి ఆ నష్టం జరగలేదు. అంటే దేన్నో ఒకదాన్ని ఎంచుకుని చూడటంలోనే ఉంది కిటుకు.

ఒక బొమ్మ ఎంచుకుని పది నిమిషాలు నిలబడండి. మొదటి రెండు నిమిషాలు బోర్ కొడుతుంది, వెళ్లిపోవాలనిపిస్తుంది. తర్వాత బొమ్మలో చెయ్యి ఎలా గీశారు, వెలుతురు ఎటు నుంచి వస్తోంది అన్నవి కనిపించడం మొదలవుతుంది. పెన్సిల్‌తో చిన్న గీత బొమ్మ వేసుకోండి, ఎంత వంకరగా వచ్చినా ఫర్వాలేదు. నాటకమో నృత్యమో అయితే చీకట్లో రాయలేం కాబట్టి బయటికొచ్చిన వెంటనే మూడు విషయాలు: ఎక్కడ కూర్చున్నాం, ఏ క్షణంలో పక్కవాళ్లు కదలకుండా అయిపోయారు, తెర పక్కనుంచి కనిపించకూడనిది ఏం కనిపించింది.

వస్తువుల సంగతి

పాత క్యాసెట్లు ఉంటే వాటిని ముందు చూడండి, మిగతావన్నీ ఆగుతాయి. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి. వాటిని విరిచేస్తే పొరపాటున కూడా దాని మీద రికార్డు అవదు. ప్లే చేసే ముందు ఇది చేసి తీరాలి. ప్లేయర్ హెడ్‌ని, అంటే టేపు ఆనుకుని నడిచే చిన్న లోహపు ముక్కని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో తుడవండి. ఏళ్లుగా కదలని టేపుని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు ప్లే చేయండి. ఎక్కడైనా బిగుసుకుంటే బలవంతం చేయకుండా ఆపేయాలి. సీ-90 క్యాసెట్ అంటే ఒక వైపు 45 నిమిషాలు, కంప్యూటర్‌లోకి ఎక్కించడానికీ అంతసేపే పడుతుంది, తొందరపెడితే కుదరదు. వేవ్ ఫైల్‌గా దాచి, పంచుకోవడానికి వేరేగా ఎంపీ3 చేసుకోండి. గొంతు సవరించుకోవడాలు, కుర్చీ జరపడాలు, తలుపు చప్పుళ్లు కత్తిరించకండి. పాట వేరేచోట దొరుకుతుంది, ఆ తలుపు దొరకదు.

మెషీన్‌లోంచి వచ్చే టికెట్లు, రసీదులు చాలావరకు థర్మల్ కాగితం. వేడికి, వెలుతురుకి అక్షరాలు పోతాయి. వెంటనే ఫొటో తీసి పెట్టుకోవాలి. ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తుకి ముందువైపు గీత తేలుతుంది, మెత్తని పెన్సిల్ వాడండి. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర అంటించే ఆల్బమ్‌లుంటాయే, వాటిలో పాత ఫొటోలు ఉంచకపోవడం మంచిది. ఆ జిగురు ఫొటోని పాడుచేస్తుంది, తర్వాత ఊడదీద్దామన్నా రాదు. కంప్యూటర్‌లో ఉన్నవాటికి మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో.

ముక్కలు పోగయ్యాక

ఒక ఫైలు నిండాక వరసలో పెట్టాలన్న కోరిక పుడుతుంది. కాలక్రమం జోలికి వెళ్లకుండా చోటుని బట్టి పెట్టి చూడండి. వరండా ముక్కలన్నీ ఒకచోట, రైలు ముక్కలన్నీ ఒకచోట. ఒకే వరండాలో ఆరేళ్ల నేను, పదహారేళ్ల నేను పక్కపక్కన వస్తే చదవడానికి బాగుంటుంది. తేదీలు కావాలంటే ఇప్పుడు వెతకండి, ఉత్తరాల మీద పోస్టు ముద్రలుంటాయి, బడి సర్టిఫికెట్లుంటాయి.

బతికున్నవాళ్ల గురించి రాసింది బయట పెట్టేముందు వాళ్లకి చదివి వినిపించండి. వాళ్లు తీసేయమంటే ఆ కాపీలోంచి తీసేయండి, మీ నోటుబుక్కులో ఉంచుకోండి. ఇంకొకరి రహస్యం అయితే అసలు రాయకపోవడమే మేలని నా అభిప్రాయం, దీని మీద మా ఇంట్లోనే వాదాలున్నాయి.

ప్రతి ముక్కకీ పైన కుడి మూలలో తేదీ వేయండి. జరిగిన తేదీ ఎలాగూ తెలియదు, రాసిన తేదీ. కొన్నేళ్ల తర్వాత అదే సంగతి పాతది చూడకుండా మళ్లీ రాసి, రెండూ కలిపి పిన్ను కొట్టి ఉంచండి. తేడాలు కనిపిస్తాయి. కొత్తదానికి సరిపోయేలా పాతదాన్ని మాత్రం దిద్దకండి.